కిందికి దిగని ప్లేటు

ఉదయం ఎనిమిదీ పదికి, ఓడలో పద్నాలుగో అంతస్తున, ఖరీదైన సూట్ గదుల అతిథులకు మాత్రమే తెరిచే డైనింగ్ హాల్లో, ఏడో టేబుల్ దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి కాఫీ కప్పు కింద పెట్టి, నేప్‌కిన్‌తో మూతి తుడుచుకుని, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా చనిపోయాడు.

ఓడ డాక్టరు గుండె ఆగిందన్నాడు. హెడ్ వెయిటర్ టేబుల్ చుట్టూ మడత తెర పెట్టించి, మిగతా అతిథుల దృష్టి మళ్లేలా చల్లటి పళ్లరసం పంపించాడు. ఎనిమిదిన్నరకల్లా ఏడో టేబుల్ మీద కొత్త గుడ్డ పరిచారు. పూలు కూడా మార్చారు.

పదకొండు అంతస్తుల కింద, కిటికీ లేని గదిలో, పింగాణీ గడ్డం గీసుకుంటున్నాడు.

పింగాణీ అనేది డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరు. బయటికి మాత్రం హోటళ్లకూ ఓడలకూ ప్లేట్లూ కప్పులూ సప్లై చేసే సేల్స్‌మన్. పద్దెనిమిదేళ్లుగా ఆ వేషం వేసీ వేసీ, వేషం ఎక్కడ ఆగుతుందో మనిషి ఎక్కడ మొదలవుతాడో అతనికే తెలియకుండా పోయింది. ఎవరిని చూసినా వెనక్కి తిప్పి అడుగున ఏం ముద్ర ఉందో చూడాలనిపిస్తుంది.

చేతిలోని షేవింగ్ మెషీన్ రెండుసార్లు గుర్రుమంది. అదే అతని శాటిలైట్ ఫోను. చెవికి ఆనించుకున్నాడు.

"సాసర్లు అందాయా?" చీఫ్ గొంతు. డిపార్ట్‌మెంట్ అంతా ఆయన్ని పెద్దాయన అంటారు.

"దారిలో ఉన్నాయి."

"ఒకటి పగిలింది."

సాసరంటే ఏజెంటు. పింగాణీకి సగం గీసిన గడ్డం మీద చెమట పట్టింది.

"దొరేనా?"

"దొరే. పైన, టిఫిన్ దగ్గర."

దొర అతని జోడీ. కోటు వేసుకుంటే పుట్టుకతోనే సూట్‌లో దిగినవాడిలా ఉంటాడని పెద్దాయన అతన్నే పైన పెట్టాడు.

"నాకూ పైన గది తీసుకుని ఉంటే..."

"ఒక్కదానికే శాంక్షన్ వచ్చింది. విను. లిస్టు ఇవాళే చేతులు మారుతుంది. ముప్ఫయ్యొక్క పేర్లు. విదేశాల్లో మారువేషంలో ఉన్న మనవాళ్లందరి అసలు పేర్లూ, ఇళ్లూ. అంతా ఒక్క చిప్‌లో ఉంది. కాపీ లేదు. కాపీ ఉందని తెలిస్తే కొనేవాడు ముట్టుకోడు. ఓడ నుంచి వెళ్లే ప్రతి సిగ్నలూ మనం వింటున్నాం, కాబట్టి చేత్తోనే ఇచ్చుకోవాలి. ఒంటిగంటకు ఓడ రేవులో ఆగుతుంది. సూట్ అతిథులు అందరికంటే ముందు దిగుతారు. వాళ్ల బ్యాగులు ఎవరూ తెరవరు. ఆ తర్వాత మన చేతుల్లో ఏమీ ఉండదు."

"దొర ఏమైనా పంపాడా?"

"చివరి మెసేజ్. 'సరుకు బంగారు అంచు ప్లేటు అడుగున. మధ్యాహ్న భోజనం. ఏడో టేబుల్.' ఆ టేబుల్ సంగతి చూడ్డానికే పొద్దున అక్కడ కూర్చున్నట్టున్నాడు."

"కెప్టెన్‌కి చెబుదామా?"

"ఓడ మీద జెండా మనది కాదు. నువ్వెవరని అడిగితే ఏం చెబుతావ్, కప్పులమ్ముకునేవాడినని చెబుతావా? ఓడలో మన మనిషి ఇంకొకావిడ ఉంది. మెడలో ముత్యాల దండ. రెండేళ్లుగా లిస్టు అమ్మే ముఠాలో మన తరఫున ఉంది, వాళ్ల ఖర్చుతో పైన సూట్‌లోనే దిగింది. 'సూప్ బౌల్స్ ఉన్నాయా' అంటుంది. 'లోతువా, వెడల్పువా' అను."

 పెద్దాయన గొంతు తగ్గించాడు.

"లిస్టులో పద్నాలుగో పేరు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు."

అక్కర్లేదు. ఆ పేరు అతని తమ్ముడిది. ఆరేళ్ల కింద వాణ్ని ఈ పనిలోకి చెయ్యి పట్టుకుని తెచ్చింది తనే. పోయిన వారం మరదలు ఫోన్ చేసి, "బావగారూ, ఆయన ఎప్పుడొస్తారు? మీ కప్పులేమో గానీ ఇంట్లో కొత్త కప్పు వచ్చి నాలుగేళ్లయింది" అని నవ్వింది. ఆ పిల్ల దృష్టిలో అన్నదమ్ములిద్దరూ పింగాణీ వ్యాపారులే. "ఈసారి సరుకుతో పాటే వచ్చేస్తాడమ్మా" అన్నాడు. 

చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. మనుషులు, తానొక్కడు. సరుకు, పదకొండు అంతస్తుల పైన. ఏ లెక్కన చూసినా మొగ్గేది అవతలి పళ్లెమే.

*

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను ఏ తాళం కార్డునైనా నకలు చేస్తుంది. తొమ్మిదిన్నరకు మంచి కోటు తొడుక్కుని పద్నాలుగో అంతస్తుకు వెళ్లాడు. సూట్ల వైపు వెళ్లే అద్దాల తలుపు మీద పెన్ను ఆనించగానే బుద్ధిగా ఆకుపచ్చ లైటు వెలిగింది.

లోపల కాలి కింద తివాచీ మెత్తగా దిగబడింది. కింద డెక్కుల్లో జనం ప్లేటు పట్టుకుని గుడ్డు కోసం వరస కడతారు. ఇక్కడ వరస అనే మాటే లేదు. అతిథులు ఎండ కాచుకోవడానికి విడిగా డెక్కు, విడిగా కొలను, విడిగా లిఫ్టు. ఓడలో ఇంకో ఓడ.

"నమస్కారం సార్." డెస్కు వెనక ఉన్నావిడ లేచి నిలబడింది. "మీరు దారి తప్పారు."

"లేదు, నా కార్డు పనిచేసింది కదా."

"కార్డుదేముంది సార్. ఇక్కడున్నది నలభై రెండు మంది. ఎవరు టీలో నిమ్మకాయ పిండుకుంటారో, ఎవరికి ఏ మోకాలు నొప్పో కూడా నాకు తెలుసు. మీరు అందులో లేరు." ఆమె నవ్వు తగ్గలేదు, తలుపు మాత్రం తెరుచుకుంది. "లిఫ్టు అటుంది సార్."

పెన్ను తాళాన్ని మోసం చేసింది. మనిషిని మోసం చేసే పెన్ను డిపార్ట్‌మెంట్ ఇంకా తయారు చేయలేదు.

పది గంటలకు, అందరూ తిరిగే డెక్కు మీద రెయిలింగు పక్కన నిలబడి ఉండగా, ఆకుపచ్చ శాలువా, ముదురు వంకాయ రంగు లిప్‌స్టిక్, మూడు వరసల ముత్యాల దండతో ఒకావిడ వచ్చి పక్కన ఆగింది. దాటి వెళ్తున్న మగవాళ్లు ఇద్దరు అడుగు తడబడ్డారు.

"మీ దగ్గర సూప్ బౌల్స్ ఉన్నాయా?"

"లోతువా, వెడల్పువా?"

"దొర సంగతి విన్నాను." ఆమె సముద్రం వైపే చూస్తూ అంది. "నేను పొద్దున్నుంచీ గది దాటలేదు. కాఫీ కూడా గదికే తెప్పించుకున్నా. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ హాల్లోకి వెళ్లనిచ్చేదాన్ని కాదు."

"ప్లేటు సంగతి తెలుసా?"

"తెలుసు. పదకొండున్నరకు ఏడో టేబుల్ దగ్గర అమ్మేవాడు తింటాడు. చిప్‌ను ప్లేటు అడుగున అంటిస్తాడు. ఆ ప్లేటు ఎంగిలి గిన్నెలతో పాటు కిందికి, కడిగే చోటికి వస్తుంది. అక్కడ వాళ్ల మనిషి ఉంటాడు, తీసుకుంటాడు. నువ్వు ప్లేట్లవాడివే కదా, వంటగది పాస్ ఉంది కదా? అక్కడే కాపు కాయి. పైకొచ్చి ప్రాణం మీదికి తెచ్చుకోకు."

అంతా సరిగ్గా అతికింది. అంత సరిగ్గా అతికిన బేరాన్ని ఇంకో రోజయితే రెండుసార్లు తిప్పి చూసేవాడు. ఇవాళ అంత తీరిక లేదు.

*

సూట్ డైనింగ్‌కు సొంత వంటగది లేదు. బ్రోషర్‌లో ఏం రాసుకున్నా, వంటంతా నాలుగో డెక్కులోని పెద్ద వంటగదిలోనే. అక్కణ్నుంచి లిఫ్టులో పైకి వెళుతుంది, ఎంగిలి అదే లిఫ్టులో కిందికి వస్తుంది. మామూలు తెల్ల ప్లేట్లు మెషీన్‌లోకి వెళతాయి. బంగారు అంచువి మెషీన్‌లో వేస్తే అంచు రాలిపోతుంది కాబట్టి చేత్తో కడగాలి. దానికో ప్రత్యేకమైన తొట్టి, తొట్టి దగ్గర ఎనిమిదేళ్లుగా ఒక అక్క.

"మీ కంపెనీ ప్లేట్లే కదా తమ్ముడూ ఇవి?" అంది అక్క. "ఈ బంగారమేదో వాటికి పెట్టే బదులు నా చేతికి గాజులు చేయిస్తే పుణ్యమన్నా వచ్చేది."

"అంచులు చెక్ చేయమన్నారక్కా. ప్రతి ప్లేటూ నాకు ముందు ఇవ్వు."

నీలం ఏప్రన్ కట్టుకుని నిలబడ్డాడు. పదకొండూ నలభై నుంచి పైనుంచి ప్లేట్లు దిగడం మొదలైంది. సలాడ్ ప్లేటు. తిప్పాడు, ఏమీ లేదు. సూప్ బౌలు, దాని కింది ప్లేటు. ఏమీ లేదు. చేప ప్లేటు. సాస్ కారుతూ మోచేతి దాకా వచ్చింది. ఏమీ లేదు. ముప్పై, నలభై, అరవై. ప్రతి అడుగునా తన కంపెనీ ముద్రే నవ్వుతూ కనిపించింది.

పన్నెండూ ఐదు.

"అక్కా, ఇక్కడ నువ్వు కాక ఇంకెవరు పట్టుకుంటారు వీటిని?"

"ఎవరు పట్టుకుంటారు? ఒక్కటి పగిలితే నెల రోజులు తిడతారు. ఎనిమిదేళ్లుగా నేనే. నాకు సెలవొస్తే తొట్టికీ సెలవే."

పింగాణీ చేతులు ఆగిపోయాయి. ఇక్కడ ముఠా మనిషి లేడు. ఎప్పుడూ లేడు.

అప్పుడు తొట్టి పక్కన చిన్న గిన్నెలో నానుతున్న కప్పు కనబడింది. నీళ్లలో తేలుతున్న అంచు మీద ముదురు వంకాయ రంగు మరక.

"అదేంటక్కా?"

"పొద్దుటిది. పోయినాయన టేబుల్‌ది. ఆ రంగు వదిలి చావట్లేదు, పొద్దున్నుంచీ నానబెట్టా." అక్క తల విదిలించింది. "ఏడో టేబుల్‌కి ఒకటే కుర్చీ. ఒంటరివాళ్ల కోసం వేసింది. అక్కణ్నుంచి రెండు కప్పులు దిగడం ఇవాళే చూశా. పోతే పోయాడు గానీ పోయేముందు తోడు దొరికింది, పాపం."

గది దాటలేదంది. కాఫీ గదికే తెప్పించుకున్నానంది. దొరతో కూర్చుని ఆఖరి కాఫీ తాగించింది ఆవిడే. అమ్మేవాడంటూ ఎవరూ లేరు, లిస్టు అమ్మేదీ ఆవిడే. తనను ఇక్కడ ఎంగిలి నీళ్లలో నిలబెట్టింది కూడా, పైకి రాకుండా.

అయితే ప్లేటెక్కడ?

 దొర అబద్ధం చెప్పడు. బంగారు అంచు ప్లేటు, ఏడో టేబుల్. ఆ హాలుకు తను సప్లై చేసిన సరుకంతా వేళ్ల మీద లెక్కపెట్టాడు. సలాడ్, సూప్, కింది ప్లేటు, చేప, మాంసం, తీపి... అన్నీ దిగాయి. ఒక్కటి దిగలేదు.

షో ప్లేటు.

అతిథి వచ్చేసరికి టేబుల్ మీద అలంకారంగా ఉండే పెద్ద ప్లేటు. అందులో ఎవరూ తినరు. మొదటి వంటకం దాని మీద పెట్టి, అది తీసేటప్పుడు దాన్నీ తీసేస్తారు. ఎంగిలి తగలదు కాబట్టి కడగరు. పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ అదే టేబుల్ మీద, తర్వాతి అతిథి ముందు పెడతారు. ఏ టేబుల్ ప్లేటు ఆ టేబుల్‌కే వెళ్లేలా అంచు మీద బంగారు అంకె కూడా ఉంటుంది. కడగరని అంత గట్టిగా ఎలా తెలుసంటే, "నీళ్లు తగిలితే అంచు పోతుంది, అడుగు కూడా ముట్టుకోకండి, పైన తుడిచి పెట్టండి చాలు" అని మూడేళ్ల కింద హెడ్ వెయిటర్‌కు గంటసేపు పాఠం చెప్పింది తనే!

పొద్దున ఆవిడ అడుగున అంటించిన చిప్, మధ్యాహ్నం అదే టేబుల్‌కు వచ్చే కొనేవాడి ముందుంటుంది. ఆ ప్లేటు కిందికి దిగదు. ఎప్పటికీ దిగదు.

"అక్కా, పైకి ఏమైనా వెళ్లాల్సినవి ఉన్నాయా?"

"సూప్ బౌల్స్ ఉన్నాయి..."

అక్క మాట పూర్తి కాకముందే బండి లిఫ్టులో ఉంది.

*

లిఫ్టులో ఏప్రన్ విప్పేశాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, వేషం తీసేస్తే కింద మిగిలిందీ అదే సేల్స్‌మన్. ఇవాళ పనికొచ్చేది వాడొక్కడే.

పైన హాలుకూ లిఫ్టుకూ మధ్య సన్నటి ప్యాంట్రీ. తలుపులో గుండ్రటి అద్దం. అందులోంచి చూశాడు. ఏడో టేబుల్ దగ్గర వెండి పిడి చేతికర్ర ఆనించుకుని ఒక ముసలి పెద్దమనిషి. కొనేవాడు. ముందు షో ప్లేటు, అంచు మీద ఏడు. ఇంకా ఏ వంటకమూ తెప్పించుకోలేదు. వేళ్లు ప్లేటు అంచును నిమురుతున్నాయి. తిప్పడానికి లేదు. అతిథి నోరు తెరవకముందే నీళ్లు నింపాలని ఆరుగురు వెయిటర్లు గోడ పక్కన నిలబడి అతిథుల చేతులే చూస్తున్నారు. ఇంత సేపు వాడికి అడ్డం పడింది సూట్ సర్వీసు గొప్పతనమే. అయినా వేళ్లు మెల్లగా అంచు కిందికి జారుతున్నాయి.

"మీరా!" హెడ్ వెయిటర్ ఎదురొచ్చాడు. "సప్లయర్లు ఇక్కడికి రాకూడదు. వెంటనే దిగండి."

"ఏడో నంబరు షో ప్లేటుకు బీట ఉంది." పింగాణీ ఆయాసపడుతున్నాడు. ఆ ఆయాసంలో నటన లేదు. "వెంట్రుకంత సన్నటి బీట. ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. వేడి సూప్ బౌలు పెట్టగానే రెండు ముక్కలవుతుంది. సూప్ ఎక్కడ పడుతుందో మీరే ఊహించుకోండి."

హెడ్ వెయిటర్ ఊహించుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున ఒకాయన పోయాడు. మధ్యాహ్నం ఒకాయన ఒళ్లో సూపు. రేపు నేను కింద డెక్కులో గుడ్లు వేయించుకుంటూ ఉంటా." ఒక కొత్త షో ప్లేటు అరచేతి మీద నిలబెట్టుకుని హాల్లోకి నడిచాడు.

అద్దంలోంచి పింగాణీ చూశాడు.

"క్షమించాలి సార్. ఈ ప్లేటు మారుస్తాను."

"పర్లేదు, ఇదే ఉండనీ."

"మీకు పర్లేదు సార్. మీ ముందు అలాంటిది పెట్టడం నాకు తలవంపు."

చేతికర్ర పెద్దమనిషి ఒక పక్క పట్టుకున్నాడు. హెడ్ వెయిటర్ ఇంకో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుతూనే లాగారు. పక్క టేబుల్‌లో ఫోర్కులు ఆగాయి. ఖాళీ ప్లేటు కోసం పెనుగులాడే మనిషిని ఆ హాలు ఎన్నడూ చూడలేదు. ముసలాయన వేళ్లు వదిలేశాడు.

ప్లేటు ప్యాంట్రీలోకి వచ్చింది. పింగాణీ తిప్పాడు. అడుగున, కంపెనీ ముద్ర పక్కన, చిటికెన వేలి గోరంత చిప్. గోటితో లాగాడు, కదల్లేదు. జిగురు రాయిలా పట్టేసింది.

"మీ దగ్గర సూప్ బౌల్స్ ఉన్నాయా?"

ఆకుపచ్చ శాలువా తలుపు దగ్గర. చేతిలో లిప్‌స్టిక్ గొట్టమంత పిస్టలు.

"లోతువా, వెడల్పువా?" అన్నాడు.

"ఆపు. ప్లేటు ఇటివ్వు." పిస్టలు హెడ్ వెయిటర్ వైపు ఒకసారి తిరిగి వెనక్కి వచ్చింది. "నీకో మంచి మాట చెప్తా. పద్నాలుగో పేరు తీసేస్తాను. ఒక్క నిమిషం పని. కొనేవాడికి ముప్ఫై పేర్లు చాలు. నీ తమ్ముడు వారంలో ఇంట్లో ఉంటాడు. నువ్వు వ్యాపారివి. ఇంతకంటే మంచి బేరం దొరకదు నీకు."

 తమ్ముడు ఇంట్లో. మరదలి నవ్వు. కొత్త కప్పు. చేతులు వాటంతటవే ప్లేటును ముందుకు చాపాయి. ఇన్నేళ్లలో ఎన్నో బేరాలు చేశాడు, ఒప్పుకోవాలని ఇంతగా ప్రాణం కొట్టుకున్నది ఒక్కటీ లేదు.

ముప్ఫై మంది. ముప్ఫై ఇళ్లలో ముప్ఫై ఫోన్లు. ఆయన ఎప్పుడొస్తారని అడిగే గొంతులు. ఇంటికొచ్చిన తమ్ముడు ఒకరోజు అడుగుతాడు, "అన్నయ్యా, నేనొక్కణ్నే ఎలా మిగిలాను?" అని. 

అతని మోచేతికి వెనకాల తెర తగిలింది. దాని వెనక ఏముందో హెడ్ వెయిటర్‌కు తెలుసు, చల్లారిన పాలు వేడిచేసుకోవడానికి గిన్నెలు అమ్మిన తనకూ తెలుసు. 'ప్రతి వంటకం అప్పటికప్పుడు తాజాగా' అని బ్రోషర్‌లో రాసుకున్న చోట ఉండకూడని పెట్టె.

"తీసుకో," అంటూ తిరిగాడు. తెర లాగి, మైక్రోవేవ్ తలుపు తెరిచి, ప్లేటు లోపల నిలబెట్టి, మీట నొక్కాడు.

"వద్దు! అది బంగారు అంచు..." అని అరిచింది హెడ్ వెయిటరే.

పెట్టెలో మెరుపులు పుట్టాయి. అంచు చుట్టూ నీలం నిప్పు గిరగిరా తిరిగింది. ప్లేటు టప్పుమని పగిలి, చిప్‌తో సహా మాడి నల్లటి పొగ కక్కింది. ప్యాంట్రీ దీపాలు పోయాయి. ఫైర్ అలారం చెవులు చిల్లులు పొడిచింది. పిస్టలు పేలి పైన పేర్చిన గాజు గ్లాసులు జలజలా రాలాయి. చేతికందిన వెండి మూతను ఆమె మణికట్టు మీద ఎత్తి కొట్టాడు పింగాణీ. పిస్టలు కింద పడింది.

దీపాలు వెలిగాయి. హెడ్ వెయిటర్ వంగి, పిస్టలును నేప్‌కిన్‌తో పట్టుకుని, వెండి ట్రేలో పెట్టి నిలబడ్డాడు. అలవాటు.

*

ఒంటిగంటకు ఓడ ఆగింది. చేతికర్ర పెద్దమనిషి సూట్ అతిథి కాబట్టి అందరికంటే ముందు దిగాడు. పింగాణీ పంపిన ఆనవాళ్లతో, రేవులో డ్రైవర్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ వాళ్లు అందరికంటే ముందు ఆయన్నే కారెక్కించుకున్నారు. ముత్యాల దండ, ఓడ సెక్యూరిటీ వాళ్ల మధ్య సామాన్ల లిఫ్టులో దిగింది.

జేబులోని షేవింగ్ మెషీన్ గుర్రుమంది.

"సాసర్లు?"

"ముప్ఫయ్యొక్కటీ భద్రం." పింగాణీ ప్యాంట్రీ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.  "దొర పెట్టెలో దిగుతున్నాడు. పూలు కాస్త మంచివి పంపండి."

"పంపుతాను." పెద్దాయన ఏదో కాగితం తిరగేసిన చప్పుడు వినబడింది. "పద్నాలుగోదాన్ని వెనక్కి పిలిచేస్తున్నా. ఆరేళ్లు చాలు."

 పింగాణీ తల ఊపాడు, ఫోనులో కనబడదని తెలిసినా. తర్వాత మరదలికి మెసేజ్ పెట్టాడు: 'సరుకు బయల్దేరిందమ్మా.'

తలెత్తేసరికి ఎదురుగా హెడ్ వెయిటర్. కోటు బొత్తాలు సరిచేసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీరెవరో నేనడగను. మీరు ఎవరికో రిపోర్టు రాస్తారని మాత్రం అర్థమైంది. చనిపోయినాయన గురించి రాయండి. పిస్టలు గురించి రాయండి. ఆవిడ గురించి ఎంతైనా రాయండి. దయచేసి ఒక్కటి మాత్రం రాయొద్దు."

"ఏంటది?"

"మా దగ్గర మైక్రోవేవ్ ఉందని."

పింగాణీ లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఎన్నో రహస్యాలు దాచాడు. ప్రాణం పోయినా బయటపెట్టనని నోరారా మాటిచ్చింది మాత్రం ఈ ఒక్కదానికే.